అపోలో ఊళ్ళో లేని నెలల్లో

(మచిలీపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న మా సోషల్ మాస్టారికి ప్రత్యేకంగా నమస్కారం. ప్రపంచ పటం గోడకి తగిలించి, కర్రతో ఏథెన్స్ ఎక్కడుందో మొదటిసారి నాకు చూపించింది ఆయనే.

నేను పుట్టి పెరిగింది బందరులోనే. ఇరవై ఏళ్ళ పైబడి అమెరికాలో ఒక చిన్న కాలేజీలో చరిత్ర చెబుతున్నాను. మా కాలేజీలో క్రిస్మస్ సెలవులకీ, తర్వాతి సెమిస్టర్‌కీ మధ్య మూడు వారాల చిన్న టర్మ్ ఒకటుంది. ఆ మూడు వారాలూ పిల్లలు ఒక్క కోర్సే చదవాలి. నేను చెప్పే కోర్సు ప్రాచీన గ్రీకు సంస్కృతి. పాఠం కాలేజీలో జరగదు, గ్రీసులోనే జరుగుతుంది. ఇప్పటికి నాలుగుసార్లు పిల్లల్ని తీసుకెళ్ళాను. ప్రతిసారీ పద్దెనిమిది, ఇరవై మంది. అందరూ పందొమ్మిది, ఇరవై ఏళ్ళవాళ్ళు. కొందరికి అదే మొదటి విమానం.

ప్రతి ఏడాదీ తల్లిదండ్రులు నన్ను అడిగే మాట ఒకటే. గ్రీసుకి జనవరిలో ఎవరైనా వెళతారా? వాళ్ళ మనసులో ఉన్న గ్రీసు నీలం సముద్రం, తెల్లని ఇళ్ళు, ఎండ. అది ఆగస్టు నెల గ్రీసు. జనవరిలో వాన పడుతుంది, చలిగాలి కోస్తుంది, అయిదున్నరకల్లా పొద్దు గూకుతుంది. చాలా శిథిలాలకి మధ్యాహ్నం మూడున్నరకే గేట్లు వేసేస్తారు. దీవులకి వెళ్ళే పడవలు తగ్గిపోతాయి. ఇవన్నీ నిజమే. అయినా జనవరిలోనే వెళ్ళాలని నేను పట్టుబడతాను. ఎందుకో చెప్పడానికే ఇవాళ ఇక్కడికొచ్చాను.

మనం పుస్తకాల్లో చదివే ప్రాచీన గ్రీసు సగానికి సగం చలికాలంలో జరిగింది. ఎండాకాలంలో వాళ్ళు యుద్ధాలకి పోయేవాళ్ళు, సముద్రం మీద తిరిగేవాళ్ళు. చలికాలం వస్తే ఇళ్ళకి చేరి ఆలివ్ కాయలు దులుపుకోవడం, నాటకాలు వేసుకోవడం, పెళ్ళిళ్ళు చేసుకోవడం. ఏథెన్స్ పంచాంగంలో జనవరి, ఫిబ్రవరి మధ్య వచ్చే నెల పేరు గామెలియోన్, అంటే పెళ్ళిళ్ళ నెల. మనకి మాఘమాసం ఎలాగో అలాగ. హెసియడ్ అనే కవి సుమారు రెండు వేల ఏడు వందల ఏళ్ళ కిందట రైతు కోసం ఒక కావ్యం రాశాడు. అందులో చలికాలపు వర్ణన ఎంత బాగుంటుందో! ఆ నెలలో వచ్చే రోజులు ఎద్దుల చర్మం వలిచేస్తాయంటాడు. ముసలాయన ఆ ఉత్తరపు గాలికి చక్రంలా వంగిపోతాడంటాడు. వెచ్చగా ఉంది కదా అని కమ్మరి కొలిమి దగ్గర కబుర్లకి కూర్చోకు, ఇల్లు చక్కబెట్టుకో అని తమ్ముణ్ణి మందలిస్తాడు. ఆ పేజీ నేను ఏథెన్స్ ఎయిర్‌పోర్టు నుంచి హోటల్‌కి వెళ్ళే బస్సులోనే చదివిస్తాను. కిటికీ అద్దం మీద వాన పడుతూ ఉంటుంది. ఇక వేరే వివరణ అక్కర్లేదు.

ఏథెన్స్‌లో నేను ముందు అక్రోపొలిస్‌కి, అంటే గుళ్ళున్న కొండ మీదికి తీసుకెళ్ళను. ముందు శ్మశానానికి తీసుకెళతాను. దాని పేరు కెరమైకోస్. కుండలు చేసేవాళ్ళ పేట అది. నగరం గోడ బయట, దారికి రెండు వైపులా సమాధులు. పక్కనే ఎరిడనోస్ అని చిన్న వాగు. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్, యుద్ధంలో చనిపోయినవాళ్ళ కోసం తన ప్రసిద్ధమైన ప్రసంగం చేసింది ఇక్కడే. పాఠ్యపుస్తకాల్లో ఆ ప్రసంగంలోని ముక్కలు మీరూ చదివే ఉంటారు. మా ప్రభుత్వం కొద్దిమంది కోసం కాదు, ఎక్కువమంది కోసం నడుస్తుంది, అందుకే దాన్ని ప్రజాస్వామ్యం అంటారు అన్న మాట అందులోదే. దాన్ని మనకి అందించిన చరిత్రకారుడు థుసిడిడీస్, ఏథెన్స్‌కీ స్పార్టాకీ మధ్య జరిగిన ఆ యుద్ధాన్ని ఎండాకాలాలు, చలికాలాల లెక్కన రాశాడు. ఈ ప్రసంగం యుద్ధం మొదలైన మొదటి చలికాలంలోది. క్రీ.పూ. 431 చివర, 430 మొదట్లో అన్నమాట.

అందులో ఒక వివరం నన్ను ఎప్పుడూ వదలదు. ఆ ఏడాది చనిపోయిన సైనికుల ఎముకల్ని సైప్రస్ అనే చెట్టు చెక్కతో చేసిన పెట్టెల్లో తెచ్చేవాళ్ళు. ఏథెన్స్ పౌరులవి పది తెగలు కాబట్టి పది పెట్టెలు. వాటితోపాటు ఒక ఖాళీ పాడె కూడా మోసుకొచ్చేవాళ్ళు. శవం దొరకని వాళ్ళ కోసం. ఈ మాట చదివినప్పుడు పిల్లల్లో ఒకబ్బాయి తల వంచుకుని చాలాసేపు ఎత్తలేదు. వాళ్ళన్నయ్య సైన్యంలో ఉన్నాడని తర్వాత తెలిసింది.

ఆ ప్రసంగం చివర్లో పెరిక్లీస్ విధవరాళ్ళకి ఒక మాట చెబుతాడు. మంచికైనా చెడుకైనా మగవాళ్ళ నోళ్ళలో ఏ స్త్రీ పేరు తక్కువగా నలుగుతుందో ఆమెదే గొప్ప కీర్తి అంటాడు. అది గట్టిగా చదివించి, అక్కణ్ణుంచి కొన్ని అడుగులు నడిపించి, ఒక సమాధి రాయి ముందు నిలబెడతాను. ఆ రాయి మీద స్త్రీ పేరే ఉంది. హెగెసో, ప్రొక్సెనోస్ కూతురు.

కెరమైకోస్‌లో ఉన్నది నకలు. అసలు రాయి నేషనల్ మ్యూజియంలో ఉంది. మర్నాడు అక్కడికి వెళ్ళి దాని ముందు గంటసేపు కూర్చుంటాం. ఇది నా కోర్సులో మార్చడానికి వీల్లేని నియమం. ప్రతి మ్యూజియంలో ఒక్కటే వస్తువు, దాని ముందు ఒక గంట. ఫోన్ సంచిలో. చేతిలో పెన్సిలు, కాగితం. బొమ్మ వేయడం రానివాళ్ళు కూడా వేయాలి. వేసవిలో అయితే ఇది కుదరదు, వెనక జనం తోస్తూ ఉంటారు. జనవరిలో ఆ హాల్లో మేమూ, కుర్చీలో కూర్చున్న గార్డమ్మా తప్ప ఎవరూ ఉండరు.

ఆ రాయి మీద ఏముందో చెబుతాను. క్రీ.పూ. 410, 400 మధ్య చెక్కిన పాలరాయి అది. కుడివైపు హెగెసో కుర్చీలో కూర్చుని ఉంది. వంపు తిరిగిన కాళ్ళున్న కుర్చీ. పాదాల కింద చిన్న పీట. తల మీద పల్చటి ముసుగు. ఎడమవైపు పనిపిల్ల నిలబడి, మూత తీసిన నగల పెట్టె పట్టుకుని ఉంది. హెగెసో అందులోంచి ఏదో తీసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని చూస్తోంది. ఏం చూస్తోంది? అక్కడ ఏమీ లేదు. ఆ నగని రాయిలో చెక్కలేదు, రంగుతో వేశారు. ఆ రంగు పోయింది. రెండు వేల నాలుగు వందల ఏళ్ళుగా ఆమె ఖాళీ వేళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

మొదటి పది నిమిషాల్లో పిల్లలకి హెగెసో కనిపిస్తుంది. అరగంట దాటాక పనిపిల్ల కనిపిస్తుంది. పొడుగు చేతుల అంగీ, జుట్టంతా గుడ్డలో బిగించి కట్టుకుంది. యజమానురాలి కంటే తక్కువ బట్ట, తక్కువ మడతలు. కానీ శిల్పి ఆమె ముఖంలో విచారం తక్కువ చేయలేదు. ఒకసారి ఒకమ్మాయి నా దగ్గరికొచ్చి అడిగింది, పైన రాసి ఉన్న అక్షరాలు కూడబలుక్కుని చదివాను, ఈ పిల్ల పేరు ఎక్కడ రాశారు అని. రాయలేదమ్మా అన్నాను. ఆమె బానిస. రాయి కొన్నవాళ్ళకి ఆమె పేరు అవసరం లేదు. ఆ అమ్మాయి వెళ్ళి మళ్ళీ కూర్చుంది. గంట అయిపోయినా లేవలేదు.

గ్రీసు ప్రజాస్వామ్యానికి పుట్టిల్లు అని మనం తేలిగ్గా అనేస్తాం. నేనూ అంటాను, అది నిజం కూడా. కానీ ఓటున్న మగ పౌరుడి వెనక ఓటు లేని భార్య, పేరు లేని పనిపిల్ల, బయటి ఊరినుంచి వచ్చి మూడు తరాలున్నా పౌరుడు కాలేని వర్తకుడు ఉన్నారు. ఈ రెండో సగాన్ని కూడా చూపించకపోతే నేను చదువు చెబుతున్నట్టు కాదు. ఇందులో నాకు రాజీ లేదు.

అగోరా గురించి క్లుప్తంగా చెబుతాను. అది సంత, కచేరీ, కోర్టు అన్నీ కలిసిన చోటు. అక్కడి మ్యూజియంలో చిల్లపెంకులు ఉంటాయి. ఊరికి ప్రమాదం అనుకున్న నాయకుణ్ణి పదేళ్ళు వెళ్ళగొట్టడానికి, జనం అతని పేరు చిల్లపెంకు మీద గీకి వేసేవాళ్ళు. అక్రోపొలిస్ ఉత్తరపు వాలులో ఒక బావిలో థెమిస్టొక్లీస్ పేరున్న పెంకులు 190 దొరికాయి. చేతిరాత పోల్చి చూస్తే అవన్నీ రాసింది పద్నాలుగు మందే అని తేలింది. ఎవరో ముందే రాయించి, పంచిపెట్టడానికి సిద్ధం చేసుకున్నారన్నమాట. చదువు రాని ఓటరుకి సాయం అనుకోవచ్చు, ఎత్తుగడ అనుకోవచ్చు. పిల్లలు ఈ ఒక్క విషయం మీద రాత్రి భోజనాల దగ్గర రెండు గంటలు వాదించుకున్నారు.

అక్రోపొలిస్‌కి పడమరగా చిన్న గుట్ట ఉంది, ప్నిక్స్. పౌరుల సభ జరిగేది అక్కడే. టికెట్ లేదు, గైడ్లు లేరు, రాతి వేదిక ఒకటి మిగిలింది, అంతే. పొద్దున్నే అక్కడికి తీసుకెళ్ళి, హాస్యనాటకాలు రాసిన అరిస్టోఫనీస్ నాటకం ఒకటి చదివిస్తాను. క్రీ.పూ. 425లో వేసిన అకార్నియన్స్. అందులో ఒక రైతు పొద్దున్నే సభకి వచ్చి, ఇంకా ఎవరూ రాలేదని గొణుక్కుంటూ కూర్చుంటాడు. యుద్ధం వల్ల పల్లె వదిలి గోడల లోపల తలదాచుకున్నవాడు. తన ఊరివైపు చూస్తూ అంటాడు, మా ఊళ్ళో బొగ్గులు కొనండి, నూనె కొనండి అని ఎవరూ అరవరు, కొను అన్న మాటే మా ఊరు ఎరగదు, అన్నీ అదే ఇచ్చేది అని. పల్లె వదిలి వచ్చిన ఎవరికైనా ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగులుతుంది. నాకు తగిలింది.

ఆ నాటకం వేసింది లెనాయా పండగలో. అది చలికాలపు పండగ. వసంతంలో జరిగే పెద్ద పండగకి మిత్రరాజ్యాల వాళ్ళందరూ పడవలెక్కి వస్తారు. చలికాలంలో సముద్రం మూసేసినట్టే, బయటివాళ్ళు ఎవరూ ఉండరు. అందుకే ఆ నాటకంలోనే కవి అనిపిస్తాడు, ఇది లెనాయా, మనవాళ్ళమే ఉన్నాం, పరాయివాళ్ళు ఇంకా రాలేదు అని. ఇంట్లోవాళ్ళ మధ్య మాట్లాడినట్టు తమ ఊరి తప్పుల్ని నిలదీసి చెప్పుకోగలిగారు. ఈ ముక్క జనవరిలో ఖాళీగా ఉన్న ఏథెన్స్‌లో చదవడం వేరు, జూలైలో వేలమంది మధ్య చదవడం వేరు.

సముద్రం మూసేయడం అన్నాను కదా, ఇక్కడ మన ఊరి సంగతి ఒకటి చెప్పాలి. వాళ్ళ మధ్యధరా సముద్రంలో ప్రయాణాలు ఆగిపోయే చలికాలమే, మన హిందూ మహాసముద్రంలో తిరుగు ప్రయాణాల కాలం. ఈజిప్టు నుంచి వచ్చిన గ్రీకు వర్తకులు నైరుతి గాలి పట్టుకుని ఇటు వచ్చి, డిసెంబరు, జనవరిలో ఈశాన్యపు గాలితో వెనక్కి పోయేవాళ్ళు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో గ్రీకులో రాసిన ఒక వర్తకుడి చేతిపుస్తకం ఉంది, పెరిప్లస్. అందులో మసలియా అనే తీరం పేరు వస్తుంది, అక్కడ సన్నని నూలుబట్ట విస్తారంగా తయారవుతుందని ఉంటుంది. చరిత్రకారులు దాన్ని కృష్ణా తీరానికి, మన బందరు ప్రాంతానికి ముడిపెడతారు. మాస్టారూ, ఆ పటంలో మీరు ఏథెన్స్ చూపించారు, ఏథెన్స్ భాష మాట్లాడేవాళ్ళ పటంలో మన తీరం కూడా ఉందండీ.

అక్రోపొలిస్ గురించి ఎక్కువ చెప్పను, దాని గురించి మీరు చాలా వినే ఉంటారు. అక్కడి ఏథీనా దేవత గుడి పార్థెనాన్‌ని క్రీ.పూ. 447లో మొదలుపెట్టారు, పదిహేనేళ్ళలో శిల్పాలతో సహా పూర్తయింది. దాని పొడవాటి మెట్టు దగ్గర ఒక కొసన నిలబడి, రెండో కొసకి చూడమంటాను. సుమారు 69 మీటర్ల పొడవున్న ఆ గీత తిన్నగా ఉండదు. మధ్యలో 11 సెంటీమీటర్ల దాకా పైకి లేచి ఉంటుంది. కావాలనే చేశారు. స్తంభాలు కూడా లోపలికి కొద్దిగా వాలి ఉంటాయి. ఆ తర్వాత మ్యూజియం పై అంతస్తుకి వెళితే, గుడి చుట్టూ ఉండాల్సిన శిల్పాల వరసలో పసుపు ఛాయ పాలరాయి పక్కన తెల్లటి ప్లాస్టర్ ముక్కలు కనిపిస్తాయి. తెల్లగా ఉన్నవాటిలో ఎక్కువ భాగం లండన్‌లో ఉన్నవాటి నకళ్ళు. బ్రిటిష్ రాయబారి ఎల్గిన్ ప్రభువు మనుషులు ఊడదీసి పట్టుకెళ్ళినవి, 1816 నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అమరావతి శిల్పాలు కూడా అదే భవనంలో ఉన్నాయి కాబట్టి ఈ విషయంలో నేను తటస్థంగా మాట్లాడలేను. ఒకే గుర్రం తల ఒక దేశంలో, కాళ్ళు ఇంకో దేశంలో ఉండటం తప్పు. అవి ఏథెన్స్‌కి రావాలి.

రెండో వారం ఏథెన్స్ దాటి బయటికి వెళతాం. మైకినీలో సింహద్వారం చూసుకుని ఎపిడారస్ చేరతాం. అందరూ అక్కడికి వెళ్ళేది రంగస్థలం కోసం. కొండ వాలులో 55 వరసల రాతి మెట్లు, పద్నాలుగు వేల మంది దాకా పడతారంటారు. మధ్యలో నాణెం పడేస్తే చివరి వరసకి వినిపిస్తుందని గైడ్లు చెబుతారు. మేము పరీక్షించాం. పిల్లలు వరసకొకరు చొప్పున కూర్చున్నారు. నాణెం శబ్దం మధ్య వరసల దాకా బాగా వినిపించింది, పైన కూర్చున్నవాళ్ళు లేదన్నారు. కానీ ఒకబ్బాయి మామూలు గొంతుకంటే కొంచెం గట్టిగా పద్యం చదివితే పై వరసకి కూడా ప్రతి అక్షరం స్పష్టంగా చేరింది. వినడానికి జనం గోల లేదు, వాన వెలిసి చెట్లనుంచి నీళ్ళు కారుతున్న చప్పుడు ఒక్కటే.

నాకు మాత్రం ఆ చోటులో రంగస్థలం కంటే ముఖ్యమైనది దాని వెనకున్న గుడి. అస్క్లీపియస్ గుడి. ఆయన వైద్యుల దేవుడు, ఆయన కర్రకి పాము చుట్టుకుని ఉంటుంది. ఇప్పటికీ ఆస్పత్రుల బోర్డుల మీద ఆ పామే చూస్తాం. జబ్బు చేసినవాళ్ళు అక్కడికి వచ్చి, స్నానం చేసి, నైవేద్యం పెట్టి, రాత్రికి ఒక పొడవాటి మండపంలో నిద్రపోయేవాళ్ళు. కలలో దేవుడు కనిపించి నయం చేస్తాడు, లేదా ఏం చేయాలో చెబుతాడు. నేను ఇదంతా ఇంగ్లీషులో వివరిస్తున్నాను. ఆ ఏడాది మాతో ఒక తెలుగమ్మాయి ఉంది. పుట్టింది అమెరికాలో, అమ్మానాన్నలది వరంగల్. చెయ్యెత్తి, మా అమ్మమ్మ గుళ్ళో నిద్ర చేసింది మేడమ్ అంది. అందరూ ఆమె వైపు తిరిగారు. నిద్ర చేయడం అనే మాటని ఇంగ్లీషులో చెప్పడానికి ఆ పిల్ల చాలా తంటాలు పడింది. నిద్రపోవడం వేరు, నిద్ర చేయడం వేరు. ఒకటి దానంతటది వచ్చేది, ఇంకోటి మొక్కుకుని చేసేది. గ్రీకులో కూడా దీనికి ప్రత్యేకంగా మాట ఉంది, ఎన్‌కోయ్‌మేసిస్. మామూలు ఇంగ్లీషులో తిన్నగా అమరే మాట లేదు. ఆ ఒక్క పూట ఆ అమ్మాయి మా అందరికీ టీచరైంది. మోపిదేవి మనకి ఎంతో దూరం లేదు, పాము రూపంలో ఉన్న దేవుడికి మొక్కుకోవడం అంటే ఏమిటో ఈ హాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. అక్కడ మాత్రం దాన్ని మొదటినుంచీ చెప్పాలి.

నయమైనవాళ్ళ కథలు అక్కడ రాతిపలకల మీద చెక్కించారు. అందులో ఒకటి చెబుతాను. ఏథెన్స్ నుంచి అంబ్రోసియా అని ఒకావిడ వచ్చింది. ఒక కన్ను కనపడదు. గుళ్ళో తిరుగుతూ పలకలు చదివి, కుంటివాళ్ళు, గుడ్డివాళ్ళు కల వచ్చినంత మాత్రాన బాగవుతారా అని నవ్వింది. ఆ రాత్రి కలలో దేవుడు వచ్చి, నీ కన్ను బాగుచేస్తాను గానీ నీ తెలివితక్కువకి గుర్తుగా గుడికి ఒక వెండి పంది ఇవ్వాలి అన్నాడు. తర్వాత కన్ను కోసి మందు పోశాడు. తెల్లారి ఆవిడ చూపుతో బయటికి నడిచింది. ఇది జరిగిందా లేదా అని నేను పిల్లల్ని అడగను. నమ్మనివాళ్ళ కథని కూడా గుడివాళ్ళు రాతి మీద ఎందుకు చెక్కించారు అని అడుగుతాను. కొరింథ్ మ్యూజియంలో మట్టితో చేసిన చేతులు, కాళ్ళు, చెవులు అరల నిండా ఉన్నాయి, నయమైన భాగాన్ని మట్టితో చేసి మొక్కు చెల్లించినవి. మన గుళ్ళలో వెండి కళ్ళు ఇచ్చినట్టే. గ్రీకులంటే తర్కం, తత్వం అని మాత్రమే చదువుకున్న పిల్లలకి ఆ మట్టి చెవులు చూశాక వాళ్ళు మనుషులుగా కనిపిస్తారు.

ఇక డెల్ఫీ. నేను చలికాలానికి పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే.

డెల్ఫీ అపోలో దేవుడి చోటు. అక్కడ పూజారిణి పీఠం మీద కూర్చుని భవిష్యత్తు చెప్పేది. రాజులు వచ్చి అడిగేవాళ్ళు. ఇది అందరికీ తెలిసిందే. చాలామందికి తెలియనిది ఏమిటంటే, చలికాలంలో మూడు నెలలు అపోలో అక్కడ ఉండడు. ఉత్తరపు గాలికి అవతల ఉండే జనం దగ్గరికి వెళ్ళిపోతాడు. ఆ మూడు నెలలూ సోదె ఉండదు. ఆ కాలమంతా డెల్ఫీ డయొనిసస్‌ది. ద్రాక్షసారా, పూనకం, ముసుగు, నాటకం, వీటి దేవుడు ఆయన. క్రీ.శ. మొదటి, రెండో శతాబ్దాల మధ్య బతికిన ప్లూటార్క్ ఆ గుళ్ళోనే పూజారి, ఈ సంగతి ఆయనే రాశాడు. గుడికి తూర్పు ముఖం మీద అపోలో శిల్పం, పడమటి ముఖం మీద డయొనిసస్, ఆయన వెంట ఆడవాళ్ళు. వెలుగునీ, క్రమాన్నీ పూజించే చోటే ఏడాదిలో పావు వంతు పూనకానికి వదిలిపెట్టింది. ఎండాకాలంలో డెల్ఫీ వెళ్ళినవాడు ఒక్క దేవుణ్ణే చూసి వస్తాడు.

ఆ ఆడవాళ్ళ పేరు థుయియాదులు. ఏథెన్స్ నుంచి, డెల్ఫీ నుంచి స్త్రీలు బృందంగా చలికాలంలో పర్నాసస్ కొండ మీదికి ఎక్కి డయొనిసస్ కోసం ఆడేవాళ్ళు. ఒకసారి కొండ మీద మంచుతుఫానులో చిక్కుకుపోయారు. వాళ్ళని కాపాడటానికి ఊళ్ళోవాళ్ళు ఎక్కారు. చలికి ఆ ఎక్కినవాళ్ళ దుప్పట్లు చెక్కలా బిగుసుకుపోయి, విప్పబోతే ఫెళ్ళున విరిగాయట. ఇదీ ప్లూటార్క్ చెప్పిందే.

మేము వెళ్ళిన రెండోసారి డెల్ఫీలో పొగమంచు. గుడి స్తంభాలు ఆరు ఉండాలి, మూడే కనిపించాయి. హోటల్లో హీటరు పనిచేయలేదు, రాత్రంతా కోట్లు వేసుకునే పడుకున్నాం. పొద్దున పిల్లలు విసుగ్గా ఉన్నారు. గుడి పక్కన నిలబడి ఆ దుప్పట్ల కథ చదివాను. ఎదురుగా ఫెడ్రియాదెస్ కొండచరియలు మంచులోంచి మెల్లగా బయటపడుతున్నాయి. ఒకమ్మాయి అంది, హెగెసోకి కుర్చీ, పీట, పెట్టె ఇచ్చారు, వీళ్ళకి మాత్రం కొండ ఇచ్చారు, ఇద్దరూ ఒకే ఊరివాళ్ళు ఎలా అయ్యారు అని. మొదటి వారం రాతిపలక ముందు కూర్చున్న అమ్మాయే. నా దగ్గర పూర్తి జవాబు లేదు. గడప దాటకూడదన్న ఆడవాళ్ళనే ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి మంచులోకి పంపిన సమాజం అది, ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి అని మాత్రం చెప్పాను. ఆ అమ్మాయి చివరి పేపరు దాని మీదే రాసింది.

టైమ్ అయిందంటున్నారు, ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒక విద్యార్థి: మేడమ్, మన పిల్లలు ఇలాంటి ప్రోగ్రాముకి వెళ్ళాలంటే?)

అమెరికాలో చదువుతున్న మన పిల్లల సంగతి చెబుతాను, అది నాకు తెలుసు. అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి 90 రోజుల లోపు వీసా అక్కర్లేదు. మన పాస్‌పోర్టుతో ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి షెంగెన్ వీసా, అంటే చాలా యూరప్ దేశాలకి కలిపి ఇచ్చే వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందునుంచే అప్లై చేయొచ్చు, సెప్టెంబరులోనే అపాయింట్‌మెంట్ పట్టుకోండి, నవంబరు దాకా ఆగితే టెన్షన్ తప్పదు. తిరిగి అమెరికాలో అడుగుపెట్టాలి కాబట్టి కాలేజీ ఇచ్చే ఐ-20 కాగితం మీద ట్రావెల్ సంతకం, చెల్లుబాటులో ఉన్న ఎఫ్-1 స్టాంపు చూసుకోండి. ఇంకో మాట, మంచి బూట్లు కొనుక్కోండి. తడిసిన పాలరాయి సబ్బులా జారుతుంది.

(ఒక శ్రోత: మూడు వారాల్లో గ్రీకు భాష ఏమైనా వస్తుందా అమ్మా?)

అక్షరాలు వస్తాయండీ. రాళ్ళ మీద పేర్లు కూడబలుక్కుని చదవగలుగుతారు. మనకైతే కొన్ని మాటలు ముందే తెలుసు. మనం రోజూ అనే కేంద్రం గ్రీకు మాట, కెంట్రోన్. దానికి మొదటి అర్థం ఎద్దుల్ని పొడిచి తోలే ముల్లుకర్ర కొన. తర్వాత వృత్తం గీసేటప్పుడు గుచ్చే ముల్లు అయింది, అక్కణ్ణుంచి నడిమధ్య అయింది. జ్యోతిషంలో హోర కూడా వాళ్ళదే. మన వైపునుంచి వెళ్ళింది కూడా ఉంది. ఏథెన్స్ వీధుల్లో కాలిబాట పొడుగునా చెట్లకి జనవరిలో నారింజ పండ్లు మండుతున్నట్టు వేలాడుతుంటాయి. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు కోసి నోట్లో పెట్టుకుంటారు, చేదు. వాటిని వాళ్ళు నెరాంజి అంటారు. మన నారింజే. పర్షియా మీదుగా, ఇటలీ మీదుగా తిరిగి తిరిగి అక్కడికి చేరిన మాట.

చివరిగా ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను. మొన్నటి జనవరిలో ఆఖరి రోజు సూనియన్ వెళ్ళాం. సముద్రం మీదికి చొచ్చుకొచ్చిన కొండ కొమ్ము, పైన సముద్రదేవుడు పొసైడన్ గుడి. వారం రోజులుగా ఒకటే గాలివాన. ఆ రోజు పొద్దున ఉన్నట్టుండి ఎండ కాసింది, గాలి ఆగిపోయింది. సముద్రం మీద ఒక్క అల లేదు. పిల్లలు కోట్లు విప్పి రాళ్ళ మీద వేశారు. మా బస్సు డ్రైవరు, అరవై ఏళ్ళ మనిషి, రెండు వారాలుగా అవసరానికి మించి మాట్లాడనివాడు, బస్సు దిగి మా దగ్గరికొచ్చి సముద్రం వైపు చెయ్యి చూపించి అల్కియోనిదెస్ అన్నాడు. నేను ఆ మాట క్లాసులో చెప్పలేదు. పిల్లలు ఆయన చుట్టూ మూగారు. వచ్చీరాని ఇంగ్లీషులో ఆయన కథ చెప్పాడు. అల్కియోనీ భర్త సముద్రంలో మునిగిపోయాడు. ఆమె ఏడుస్తుంటే దేవతలు జాలిపడి ఇద్దర్నీ పిట్టలుగా మార్చారు. ఆ పిట్ట నడి చలికాలంలో సముద్రపు ఒడ్డున గుడ్లు పెడుతుంది. ఆమె తండ్రి గాలులకి రాజు. కూతురు పొదిగినన్నాళ్ళూ గాలుల్ని కట్టేస్తాడు. అందుకే జనవరిలో ఈ నాలుగు రోజులు ఇలా ఉంటాయి అన్నాడు. టీవీలో వాతావరణం చెప్పేవాళ్ళు కూడా ఇప్పటికీ ఆ పేరే వాడతారట. ఏం పిట్ట అని ఒకబ్బాయి అడిగితే, ఆయనకి ఇంగ్లీషు మాట తట్టలేదు, వేళ్ళతో పొడుగాటి ముక్కు చూపించి, నీలం రంగు బస్సుని చూపించాడు. లకుముకి పిట్ట. ఆ రాత్రి పిల్లల డైరీలు దిద్దుతుంటే, ఇరవై మందిలో పంతొమ్మిది మంది గుడి సంగతి వదిలేసి డ్రైవరు చెప్పిన ఆ పిట్ట గురించే రాశారు.